జాన్ బాయిడ్ డన్‌లప్

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు మార్గమున కొండగట్టు కలదు. కొండపై వెలసిన ఆంజనేయస్వామిని దర్శించుటకు ఏటేట వేలకొలది జనులు వచ్చుచుందురు. దీక్ష పూనినవారు కాలినడకను వత్తురు; తక్కినవారు ఆటోలలో, కార్లలో, బస్సులలో ఘాటురోడ్డు నెక్కుదురు. ఆ మలుపులలో బండిని పట్టి నిలుపునది ఏదియని బాలుర నడిగినచో కొందరు బ్రేకులందురు, కొందరు ఇంజననుదురు. వారి మాట తప్పు కాదు. కాని బ్రేకు పట్టినను, ఇంజను లాగినను, ఆ బలము నేలకు చేరవలసినది టైర్ల అడుగుభాగముననే. కారుటైరు ఒక్కొక్కటి నేలను తాకు చోటు మన అరచేతికంటె కొంచెమే పెద్దది. అట్టి నాలుగు అరచేతుల చోటుమీద ఒక కుటుంబము ప్రాణము లానియుండును.

ఆ టైరులో గాలి నింపి దానిని లోకమున వాడుకలోనికి తెచ్చినవాడు జాన్ బాయిడ్ డన్‌లప్. ఆయన యంత్రశిల్పి కాడు. బండ్లు చేయువాడును కాడు. ఆయన పశువైద్యుడు.

ఆయన కథకు ముందు మన పల్లెబండిని ఒకమారు తలచుకొనవలెను. టైరుబండ్లు రాకముందు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములందు కఱ్ఱచక్రముల బండ్లే తిరుగుచుండెడివి. వడ్రంగి ఆకులు కూర్చి చక్రము సిద్ధము చేసిన పిమ్మట కమ్మరి దానికి ఇనుపకట్టు తొడిగెడివాడు. ఆ కట్టును చక్రముకంటె రవంత చిన్నదిగా చేయుదురు. పిడకలు, కట్టెలు పేర్చి నిప్పు పెట్టి దానిని ఎఱ్ఱగా కాల్చుదురు. వేడికి ఇనుము సాగును. పట్టుకారులతో ఎత్తి చక్రముపై దించి, కుండలతో నీళ్లు కుమ్మరింతురు. బుస్సున ఆవిరి లేచును; ఇనుము ముడుచుకొని చక్రమును బిగించును. కట్టు మిక్కిలి చిన్నదైనచో ఆకులు విఱుగును. పెద్దదైనచో ఎండకాలమున జాఱి దారిలో పడిపోవును. కావున తగిన కట్టును ఎంచుట, దానిని తొడుగుట అను రెండు విద్యలును రబ్బరుకంటె ఎంతో ప్రాచీనములు. కాని ఇనుపకట్టునకు మెత్తదనము లేదు. రాయి తగిలిన ప్రతిసారి ఆ దెబ్బ ఇరుసునకు, ఇరుసునుండి కాడికి, కాడినుండి ఎద్దు మెడకు చేరును.

డన్‌లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమందలి డ్రెగ్‌హార్న్ అను గ్రామమున రైతుకుటుంబమున జన్మించెను. నెలలు నిండకయే పుట్టినవాడని ఇంటివారు చెప్పుచుండుటచే తన దేహము సున్నితమైనదని ఆయన నమ్మి, జీవితమంతయు ఒళ్లు జాగ్రత్తగా చూచుకొనుచు గడపెను. అట్లు భయపడినవాడు ఎనుబదియొక్క ఏండ్లు బ్రతికెను! ఎడింబరోలో పశువైద్యము చదివి, పందొమ్మిదవ ఏట పట్టము పొంది, సుమారు పదియేండ్లు స్వదేశముననే పనిచేసి, 1867లో ఐర్లండునకు తరలిపోయెను. కొంతకాలమునకు బెల్‌ఫాస్ట్ నగరమున స్థిరపడి వైద్యశాల నెలకొల్పెను. ఆ కాలమున నగరముల రవాణా అంతయు గుఱ్ఱములమీదనే నడచుచుండెను గాన పశువైద్యునకు పనికి కొదవ లేదు. 1880 ప్రాంతమునకు ఐర్లండులోని పెద్ద వైద్యశాలలలో ఆయనది ఒకటియై యుండెను.

బెల్‌ఫాస్ట్ వీథులు రాళ్లు పఱచినవి. ట్రాముపట్టాలు వానిని అడ్డముగా కోయుచుండెడివి. డన్‌లప్ కుమారుడు జానీ, సుమారు పదియేండ్ల వాడు, తన మూడుచక్రముల సైకిలుమీద ఆ రాళ్లపై తిరుగుచు ఒళ్లు హూనము చేసికొనుచుండెను. చక్రములకు గట్టిరబ్బరు పట్టీలు మాత్రమే యుండెడివి. వానివలన చప్పుడు తగ్గెనేగాని కుదుపు తగ్గలేదు. తండ్రి ఆ సంగతిని గూర్చి యోచింపసాగెను. పశువైద్యమున రబ్బరుతో ఆయనకు పరిచయము కలదు. రాయిమీదికి గట్టిచక్రము ఎక్కినపుడు బండి బరువంతయు పైకి లేచి మరల క్రింద పడవలెను. అందు వ్యర్థమగునది తొక్కువాని బలమే. రాయిని చక్రమే తనలో ఇముడ్చుకొన్నచో బరువు లేవనవసరము లేదు. అట్లు లొంగుటకును, వెంటనే తిరిగి నిండుటకును గాలికంటె తగినది మఱియొకటి లేదు.

1887 చివర ఆయన పరీక్ష ప్రారంభించెను. ఒక చెక్కబిళ్లను గుండ్రముగా కోసి, అంగుళములో ముప్పదిరెండవ వంతు మందము గల రబ్బరురేకుతో గొట్టము చేసి అతికి, దానిని చెక్క అంచునకు చుట్టి, పైన నారబట్ట కప్పి చీలలు కొట్టెను. బంతులకు గాలి కొట్టు పంపుతో ఆ గొట్టమును నింపెను. పిమ్మట జానీ సైకిలు ముందుచక్రమును ఊడదీసి, తన ముంగిటనున్న రాళ్లనేలపై రెంటిని ఒకదాని వెంట నొకటి దొరలించెను. గట్టిరబ్బరు చక్రము సగము దూరము పోయి ఒరిగి పడెను. గాలిచక్రము ముంగిలి దాటి, చివరనున్న తలుపును ఢీకొని వెనుకకు ఎగిరెను. ఈ పరీక్షకు అయిన వ్యయము కొన్ని పైసలకు మించి యుండదు. ప్రయోగశాల లేదని చింతించు బాలురు ఈ సంగతి గమనింపవలెను.

1888 ఫిబ్రవరి చివరి దినములలో ఒక రాత్రి జానీ తన సైకిలు వెనుకచక్రములు రెండింటికిని గాలిటైర్లు తొడిగించుకొని వీథిలోనికి పోయెను. ఆ పిల్లవాడు ఎంత సంతోషించెనో వేఱుగ చెప్పనేల? అదే సంవత్సరము డిసెంబరు 7న డన్‌లప్‌నకు పేటెంటు లభించెను.

క్రొత్తవస్తువును చూచి నవ్వుట లోకస్వభావము. 1889 మే 18న బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల క్రీడలలో విల్లీ హ్యూమ్ అను యువకుడు గాలిటైర్ల సైకిలుతో పందెమునకు వచ్చెను. లావైన ఆ చక్రములను చూచి జనులు పకపక నవ్విరి. పందెము ముగియువఱకే ఆ నవ్వు. ఆనాడు హ్యూమ్ చేతిలో ఓడిపోయినవారిలో డబ్లిన్ నగరపు కాగితపు వర్తకుడు హార్వే డుక్రో కుమారులుండిరి. వారు సామాన్యులు కారు, ఐర్లండున పేరుమోసిన సైకిలు వీరులు. తండ్రి వ్యవహారదక్షుడు. తన కుమారుల నోడించినది మనుష్యుడు కాదు, చక్రమని ఆయన గ్రహించెను. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో టైర్ల సంఘము ఏర్పడెను. డన్‌లప్ తన పేటెంటును దానికి అప్పగించి బదులుగా కొంత వాటా పొందెను.

ఇంతలో పిడుగువంటి వార్త వచ్చెను. గాలిటైరునకు అంతకు నలువది మూడేండ్ల క్రిందటనే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అను మఱియొక స్కాట్లండు దేశీయుడు పేటెంటు పొందియుండెను. థామ్సన్ చక్రము రబ్బరు పట్టించిన గుడ్డగొట్టమును తోలుతో కప్పి చేసినది. 1847లో లండన్‌లోని ఒక ఉద్యానవనమున ఆయన గుఱ్ఱబండికి దానిని కట్టి నడిపి చూపెను. అది చక్కగానే పనిచేసెను. కాని నాటికి సైకిళ్లు లేవు, మోటార్లు లేవు, రబ్బరు ప్రియము, గుఱ్ఱబండ్లవారు ఇనుపకట్టుతో తృప్తి చెందిరి. తాను కనిపెట్టిన వస్తువు అవసరము లోకమునకు కలుగకముందే 1873లో థామ్సన్ మరణించెను. డన్‌లప్ ఆయన పేరైన వినియుండలేదు. అయినను చట్టము ముందు వచ్చినవానినే ఎఱుగును. 1890లో డన్‌లప్ పేటెంటు చెల్లదని తేలెను. ఈనాటికిని కొన్ని పుస్తకములలో గాలిటైరును మొదట కనుగొన్నవాడు డన్‌లప్ అనియే వ్రాయుచుందురు. అది సరికాదు. కనుగొన్నవాడు థామ్సన్; తనంతట తాను మరల కనుగొని ఇంటింటికి చేర్చినవాడు డన్‌లప్. ఈ రెండును గొప్పవే, కాని రెండును ఒకటి కావు.

పేటెంటు పోయినను సంఘము కూలిపోలేదు. ఏలయనగా గాలి నింపుట సగము పని. టైరును చక్రమునకు తొడుగుట తక్కిన సగము. మొదటి టైర్లను చక్రము చుట్టును గుడ్డతో చుట్టి జిగురుతో అతికెడివారు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ గుడ్డ నంతయు ఊడబెఱికి, లోపలి గొట్టమునకు అతుకు వేసి, మరల అంటించి ఆఱబెట్టవలెను. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాన్ ఫెరాన్ పట్టణమున మిషెలిన్ సోదరుల రబ్బరు కర్మాగారమునకు ఒక బాటసారి చెడిన డన్‌లప్ టైరుతో వచ్చెననియు, దానిని బాగుచేయ మూడు గంటలు, ఆఱుటకు ఒక రాత్రి పట్టెననియు, మఱునాడు ఎడ్వర్డ్ మిషెలిన్ ఎక్కి చూడగా కొంచెము దూరముననే మరల గాలి పోయెననియు చెప్పుదురు. ఊడదీయ వీలైన టైరును చేయవలెనని ఆయనకు తోచినది అప్పుడే. 1891లో ఆయన చేసియు చూపెను.

ఇంగ్లండున చార్లెస్ వెల్ష్ అనునతడు 1890లో మఱియొక ఉపాయము కనిపెట్టెను. టైరు రెండంచులలోను సాగని ఉక్కుతీగను వలయముగా అమర్చి, చక్రపు అంచును నడుమ పల్లముగా చేసెను. తీగ సాగదు గదా, మఱి టైరు ఎట్లు ఎక్కును? ఒక ప్రక్కన టైరంచును నడుమనున్న పల్లములోనికి దింపినచో ఎదుటిప్రక్కన సందు దొరకును. ఆ సందున టైరును అంచు దాటింపవచ్చును. గాలి నిండగానే రెండంచులును పల్లమునుండి పైకి జరిగి తమ స్థానములలో బిగియును. మన కమ్మరి వేడిచే సాధించిన బిగింపును వెల్ష్ ఆకారముచే సాధించెను. నేడు మన ఊళ్లలో టైర్ల దుకాణమువాడు కారుటైరును ఎక్కించుటయు ఈ సూత్రము ననుసరించియే. డుక్రో ఈ పేటెంటును, బార్ట్‌లెట్ అనువాని మఱియొక పేటెంటును, గాలి నిలుపు వాల్వు పేటెంటును కొని సంఘమును నిలబెట్టెను.

కాలక్రమమున మోటారుకార్లు వచ్చినవి. 1895లో పారిస్‌నుండి బోర్డోకు పోయి వచ్చు పందెములో మిషెలిన్ సోదరులు గాలిటైర్లతో కారును నడిపిరి. దారి పొడవున గాలి పోవుచునే యుండెను. గడువు మించినను వారు పందెము పూర్తిచేసిరి. నాటినుండి వేగముగా పోవు కార్లకు, టైర్లకు నడుమ పరుగు మొదలైనది. ఇంజను బలము పెరిగినకొలది టైరును మార్చుచు రావలసివచ్చెను. అడ్డదిడ్డముగా నేసిన గుడ్డకు బదులు దారములను ఒకే వరుసగా పఱచిరి. తెల్లని రబ్బరులో నల్లని బొగ్గుపొడి కలిపి అరుగుదలను తగ్గించిరి. 1946లో మిషెలిన్ సంఘము దారములను అంచునుండి అంచునకు నిటారుగా పఱచు రేడియల్ టైరును కనిపెట్టినది.

కారున్న ఇండ్ల బాలురు టైరు ప్రక్కభాగమున నున్న అక్షరములను చూచియుందురు. వేగపు కారు టైరుపై 225/45 ఆర్ 17 94 డబ్ల్యు అని యున్నదనుకొనుడు. 225 అనగా మిల్లీమీటర్లలో వెడల్పు. ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 45 వంతులు. ఆర్ అనునది రేడియల్‌ను తెలుపును. 17 చక్రపు అడ్డుకొలత, అంగుళములలో. 94 అనునది ఒక్కొక్క టైరు మోయగల బరువునకు గుర్తు. అది 670 కిలోలు. డబ్ల్యు అనగా గంటకు 270 కిలోమీటర్ల వేగమువఱకు తాళును. ఇక లెక్క వేయుడు: ప్రక్కగోడ 101.25 మిల్లీమీటర్లు, రెండువైపుల కలిసి 202.5, చక్రము 431.8, మొత్తము 634.3. కొందరు అందము కొఱకు పెద్ద చక్రములు వేయింతురు. 18 అంగుళముల చక్రమునకు 225/40 టైరు వేసినచో మొత్తము 637.2 అగును; తేడా స్వల్పము, వేగమును చూపు ముల్లు అబద్ధమాడదు. లెక్క చూడక తోచిన టైరు వేసినచో ఆ ముల్లు ఒకటి చూపును, బండి మఱియొక వేగమున పోవును.

మెత్తని రబ్బరు రోడ్డును గట్టిగా పట్టును, త్వరగా అరుగును. గట్టిరబ్బరు చాలకాలము మన్నును, తడిరోడ్డుపై జాఱును. రెండును కావలెననువానికి వర్తకుడు ఏమి చెప్పినను నమ్మరాదు. గాళ్లు లోతుగా నున్న టైరు వాననీటిని ప్రక్కకు త్రోయును. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో ఆ టైరు పనికిరాదు. ఒక ఇరుసుమీద రెండు టైర్లును ఒకే జాతివి కావలెను. టైరుపై నాలుగంకెల గుర్తు కలదు. 3524 అని యున్నచో 2024వ సంవత్సరము 35వ వారమున చేసినదని అర్థము. మెఱుగు చూచి కొనువారు ఈ అంకెలను చూడరు. బాణపుగుర్తు గల టైరును ఆ దిక్కుననే తిరుగునట్లు తొడుగవలెను; సీసపుబిళ్లలవంటి చిన్న తూకపుబిళ్లలతో చక్రమును సమతూకము చేయింపవలెను; నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగింపవలెను. క్రొత్తటైరుపై అచ్చునుండి వచ్చిన జాఱుపూత యుండును గాన మొదటి రెండుమూడువందల కిలోమీటర్లు నెమ్మదిగా పోవుట మేలు.

బరువు సంగతి వినోదము కాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటురోడ్డు దిగుచున్న బస్సు లోయలో పడి అఱువదిమందికి పైగా మరణించిరి. పట్టదగినవారికంటె ఎంతో ఎక్కువమంది దానిలో నెక్కియుండిరి. మృతులలో అనేకులు చుట్టుప్రక్కల పల్లెలవారు.

టైర్ల కథలో మఱియొక దుఃఖము కలదు. దానిని దాచరాదు. సైకిళ్లకు, కార్లకు టైర్లు కావలసివచ్చుటతో రబ్బరునకు గిరాకి పెరిగెను. బెల్జియము రాజు లియోపోల్డు ఏలుబడిలోనున్న ఆఫ్రికాలోని కాంగోదేశమున, 1908వఱకు, అడవిరబ్బరు తగినంత తీసికొనిరాని ప్రజలను సైనికులు చంపిరి, చేతులు నఱికిరి. ఒక తండ్రి తన కుమారుని ఒడలు నొవ్వకుండుటకు చేసిన వస్తువు మఱియొక ఖండమున పిల్లల తండ్రులకు ఇట్లు పరిణమించినది. డన్‌లప్ దీనికి కారకుడు కాడు. అయినను ఈ రెండింటిని వేఱుచేసి చెప్పుట చరిత్ర కాదు. పిమ్మట మలయాలో రబ్బరుతోటలు పెరిగినవి. ఆ తోటలకు తమిళులతోపాటు విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల తెలుగువారును కంగాణీల వెంట ఓడలెక్కి పోయిరి. తెల్లవాఱకముందే లేచి చెట్టుకు గాటుపెట్టి పాలు పట్టుట వారి పని. వారి సంతతివారు నేటికిని మలేసియాలో తెలుగు మాటలాడుచున్నారు.

మన దేశమున డన్‌లప్ పేరుగల కర్మాగారము 1936లో కలకత్తా చేరువ హుగ్లీ తీరమున సాహగంజ్‌లో వెలసినది. దశాబ్దములు నడచి పిమ్మట మూతపడినది. నిజాము రాష్ట్రమున 1932లో రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డురవాణా ప్రారంభించినపుడు వచ్చిన ఆల్బియన్ బస్సులు డన్‌లప్ స్వదేశమైన స్కాట్లండులోని గ్లాస్గోలో చేసినవి. పిమ్మట పల్లెలలో ఎడ్లబండ్లకును గాలిటైర్లు వచ్చినవి. ఎద్దు మెడకు కలిగిన ఆ ఉపశమనమును చూచినచో పశువైద్యుడైన డన్‌లప్ కార్లను చూచినదానికంటె ఎక్కువ సంతోషించి యుండునని నా నమ్మకము. నేడు సంగారెడ్డి జిల్లాలోని సదాశివపేటలోను టైర్లు తయారగుచున్నవి.

డన్‌లప్‌నకు ఈ వ్యాపారమువలన కలిగిన లాభము స్వల్పము. సంఘములోని పెద్దలతో పొసగక ఆయన 1895 ప్రాంతమున తప్పుకొనెను. మఱుసటి ఏడు, 1896లో, హూలీ అను ధనికుడు ఆ సంఘమును ముప్పది లక్షల పౌన్లకు కొని, వెంటనే ఏబది లక్షల పౌన్లకు ప్రజలకు వాటాలుగా అమ్మెను. ఆ ధనములో డన్‌లప్‌నకు చెందినది లేదు. ఆయన పేరు మాత్రము సంఘమునకు మిగిలెను. ప్రకటనలలో తన బొమ్మను షోకిలారాయునివలె చిత్రించుట ఆయనకు మిక్కిలి అయిష్టముగా నుండెను. డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారమున భాగస్థుడై, సామాన్యముగా జీవించెను. గాలిటైరు చరిత్రను ఒక పుస్తకముగా వ్రాసిపెట్టెను. అది ఆయన పోయిన పిమ్మట కుమార్తె జీన్ చేతిమీదుగా వెలువడినది.

1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో డన్‌లప్ మరణించెను. ఆయన చేసిన మొదటి సైకిలు టైరు ఎడింబరోలోని మ్యూజియమున భద్రపఱుపబడి యున్నది. అతుకులు పడి, రంగు వెలిసి, రాళ్లవీథులపై మూడువేల మైళ్లు తిరిగిన టైరు అది.